చేప కొవ్వు, కార్బన్ లెక్క

చేప పొట్ట కోసి చూస్తే నిన్నటి తిండే కనిపిస్తుంది. కండలో కార్బన్-13, కార్బన్-12ల నిష్పత్తి కొలిస్తే అది నెలల తరబడి తిన్న తిండి ఆచూకీ దొరుకుతుంది. జంతువు ఒంట్లోని కార్బన్ దాని తిండిలోని కార్బన్‌నే పోలి ఉంటుందని, తేడా సగటున వెయ్యికి ఒకటి దాకానే ఉంటుందని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన మైకేల్ డెనీరో, శామ్యూల్ ఎప్‌స్టైన్ 1978లో చూపించారు. ఆహార గొలుసుల అధ్యయనానికి అది గట్టి పునాది అయింది. అయితే అంతకు ఏడాది ముందే ఆ ఇద్దరూ మరో సంగతి తేల్చారు. ఒంట్లో కొవ్వు తయారయ్యే దారిలో, పైరువేట్ నుంచి అసిటైల్ కోఎంజైమ్-ఎ పుట్టే మెట్టు దగ్గర బరువైన కార్బన్ వెనకబడిపోతుంది. అందుకే కొవ్వులో కార్బన్-13 తక్కువ. ఒకే తిండి తిన్న రెండు చేపల్లో ఒకటి కొవ్వు పట్టి, రెండోది బక్కగా ఉంటే, నిష్పత్తి కొలిచే యంత్రం వాటి తిండి వేరని చెబుతుంది. అందుకే కొవ్వు లెక్క సరిచేయకుండా గీసిన ఆహార గొలుసును నమ్మకూడదని, గుడ్డిగా సరిచేసినదాన్ని కూడా అంతే అనుమానించాలని నా వాదన.

కొవ్వులో నైట్రోజన్ దాదాపు ఉండదు. కాబట్టి కొవ్వు పెరిగేకొద్దీ కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి పెరుగుతుంది. బేరింగ్ సముద్రంలో పనిచేసిన మెకానహే, మెక్‌రాయ్ 1979లో దీన్నే కొలబద్దగా చేసుకున్నారు. డేవిడ్ పోస్ట్ బృందం 2007లో ఇచ్చిన సూత్రం ఇంకా తేలిక: ఆ నిష్పత్తిని 0.99తో గుణించి 3.32 తీసేస్తే, కలపాల్సిన దిద్దుబాటు వస్తుంది. నిష్పత్తి 3.5 అయితే అది వెయ్యికి 0.15, పట్టించుకోనక్కర్లేదు. నిష్పత్తి 6 అయితే ఏకంగా 2.6. ఆహార గొలుసులో ఒక మెట్టుకు వచ్చే తేడాయే ఒకటి లోపు కదా!

సూత్రాలెందుకు, ద్రావకంతో కొవ్వునే తీసేస్తే పోదా అని అడగవచ్చు. కెనడాలోని హాలిఫాక్స్‌లో బ్లై, డయ్యర్ 1959లో చేప కండ మీదే రూపొందించిన క్లోరోఫాం-మిథనాల్ పద్ధతి ఉండనే ఉంది. కానీ ఆ ద్రావకం కొవ్వుతో పాటు కొన్ని నైట్రోజన్ పదార్థాలనూ కడిగేస్తుంది. చేప ఏ మెట్టు మీద ఉందో చెప్పే నైట్రోజన్-15 విలువ దాంతో మారిపోతుంది. నమూనాను రెండు పాళ్లు చేసి, ఒక పాలును ముట్టకుండా ఉంచడమే దారి. ఖర్చు రెట్టింపవుతుందన్నది నిజమే. తప్పు గొలుసు గీయడం అంతకంటే ఖరీదు. వేటాడే చేప కొవ్వునూ తింటుంది కాబట్టి దాన్ని తీసేయడమే తప్పన్న ఆక్షేపణలోనూ బలముంది. అయినా ఈ ఏటి చేపను నిరుటి చేపతో పోల్చేటప్పుడు ఒంటి కొవ్వులో తేడాను తిండిలో తేడాగా చదవకూడదు. పోనీ ఒకే సూత్రం అన్నిటికీ సరిపోతుందా అంటే, అదీ లేదు. సొరచేప కండలో యూరియా ఉంటుంది. ఆ యూరియాలోని నైట్రోజన్, కార్బన్-నైట్రోజన్ నిష్పత్తిని కిందికి లాగి, ఉన్న కొవ్వును దాచేస్తుంది. కాబట్టి ముడి విలువ, కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి, వాడిన సూత్రం మూడూ అచ్చులో ఉండాలి. సరిచేసిన అంకె ఒక్కటే మిగిలిన పట్టికను తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ సరిచేయలేరు.