పాత రైఫిల్: ధర, సాక్ష్యం

నవీపేట్ మేకల సంతలో కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, ధర మాట తర్వాతే. పాత జర్మన్ సైనిక రైఫిల్‌కు విలువ కట్టే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన మౌజర్ ‘గెవేర్ 98’ను ఉదాహరణగా తీసుకుందాం. తూటా పెట్టే భాగం పైన ష్పాండౌ, డాన్‌జిగ్, ఎర్‌ఫుర్ట్ వంటి కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం ముద్రించి ఉంటాయి. గొట్టం, బోల్టు తదితర భాగాలపై క్రమ సంఖ్యలు ఉంటాయి. అవన్నీ ఒకటే అయితే ధర బాగా పెరుగుతుంది. బోల్టు సంఖ్య వేరైతే తగ్గుతుంది.

ఇక్కడ సేకరణదారుకూ చరిత్ర విద్యార్థికీ దారులు వేరవుతాయి. మారిన బోల్టు అతనికి లోపం, మనకు ఆధారం. కొన్నిటిపై 1917 పక్కనే 1920 అని మరో ముద్ర కనిపిస్తుంది. వెర్సాయ్ సంధి వల్ల లక్ష మందికి కుదించుకుపోయిన సైన్యం, తన వద్ద ఉంచుకున్న ఆయుధాలకు వేసిన గుర్తు అది. ఒక సంధి షరతు ఇనుముపై మిగిలిందన్నమాట! తుప్పు వదిలించాలని గీకి మెరుగుపెట్టినవారు ధరతోపాటు ఈ సాక్ష్యాన్నీ పోగొడతారు.

మన దేశంలో ఇంకో ప్రశ్న ఉంది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకే మినహాయింపు. పేలగలిగినదైతే, తాతల నాటిదైనా వాడడానికి, వెంట తీసుకెళ్లడానికి లైసెన్సు ఉండాల్సిందే.