ఫోన్ జీరో అయ్యాకే ఛార్జింగ్ పెట్టాలా? ఈ రూల్ ఎక్కడ పుట్టింది?



"ఒరేయ్, బ్యాటరీ మొత్తం అయిపోయాకే ఛార్జింగ్ పెట్టు, లేకపోతే పాడైపోద్ది." ఈ మాట మా నాన్న చెప్పారు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బీటెక్ హాస్టల్లో నేను దీన్ని నిష్ఠగా పాటించాను. రోజూ ఫోన్ స్విచాఫ్ అయ్యేదాకా వాడటం, రాత్రి ఛార్జింగ్ పెట్టి దిండు కింద దాచుకోవడం. ఏడాదిన్నరకే బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పైకి లేచింది.

మరి నాన్న చెప్పింది అబద్ధమా? కాదు. అది వేరే బ్యాటరీకి సంబంధించిన నిజం.

1899లో స్వీడన్‌కి చెందిన వాల్డెమార్ యుంగ్నర్ నికెల్ కాడ్మియం బ్యాటరీ కనిపెట్టాడు. తర్వాతి కాలంలో కార్డ్‌లెస్ ఫోన్లు, వీడియో కెమెరాలు, తొలి మొబైళ్ళు చాలావరకు దాని మీదే నడిచాయి. దానికో జబ్బు ఉంది. ప్రతిసారీ కొంచెమే వాడి మళ్ళీ ఛార్జ్ చేస్తూ పోతే, సరిగ్గా ఆ పాయింట్ దగ్గరే వోల్టేజ్ పడిపోవచ్చు. దీన్నే మెమరీ ఎఫెక్ట్ అన్నారు. దానికి మందు, అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి నింపడం. రూల్ పుట్టింది ఇక్కడే.

ఈలోగా కెమిస్ట్రీ మారింది. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం దారి చూపించాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్ఇనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్‌తో వోల్టేజ్ పెంచాడు. 1985లో జపాన్‌లో అకిరా యోషినో ప్రమాదకరమైన లిథియం లోహం అవసరం లేకుండా సెల్ తయారుచేశాడు. 1991లో సోనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి గుడ్ఇనఫ్ గారి వయసు 97!

ఇప్పుడు అసలు ట్విస్ట్. నోకియా 3310 మొదట నికెల్ రకం బ్యాటరీతో వచ్చింది. 2003లో వచ్చిన, మన ఊళ్ళల్లో అందరి చేతుల్లో కనిపించిన నోకియా 1100లో ఉన్నది లిథియం అయాన్. అంటే నాన్న నాకు ఆ రూల్ చెప్పేనాటికే ఆయన జేబులో కొత్త బ్యాటరీ ఉంది. బయటికి చూస్తే అదే పిన్ను, అదే ప్లగ్గు. లోపల మారిందని ఎవరికి తెలుస్తుంది?

లిథియం బ్యాటరీకి మెమరీ ఎఫెక్ట్ బాధ లేనట్టే. దానికి పడనివి వేడి, ఎక్కువసేపు 100లో ఉండటం, మాటిమాటికీ జీరో దాకా దిగిపోవడం. అందుకే వీలైనంతవరకు 20 నుంచి 80 మధ్య ఉంచండి. పరుపు మీద, దిండు కింద ఛార్జింగ్ వద్దు. మే నెల ఎండలో బైక్ హ్యాండిల్‌కి తగిలించి ఛార్జ్ చేయడం అస్సలు వద్దు. పాత ఫోన్ బీరువాలో పెడుతుంటే, సగం ఛార్జ్‌తో పెట్టండి. ఉబ్బితే మాత్రం నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి.

మొన్న నాన్నకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే ఇప్పుడు 40 ఉంది, పెట్టెయ్యనా?" అన్నారు. పెట్టెయ్ నాన్నా!

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.