వేలమంది ఒకేసారి ఫారం పంపితే.. సర్వర్ ఎవరిది ఎవరిదో ఎలా గుర్తుపడుతుంది?

హజ్ దరఖాస్తు కావచ్చు, పిల్లల స్కాలర్‌షిప్ కావచ్చు. చివరి తేదీ దగ్గరపడితే వేలమంది ఒకేసారి ‘సబ్మిట్’ నొక్కుతారు. అయినా ఒకరి వివరాలు మరొకరి ఫారంలో కలిసిపోవు. దీనికి సర్వర్‌లో రెండు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది కనెక్షన్

ప్రతి బ్రౌజర్ సర్వర్‌తో సొంతంగా కనెక్షన్ పెట్టుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకే వైఫై వాడితే బయటికి ఐపీ అడ్రస్ ఒకటే కనిపించవచ్చు, కానీ పోర్ట్ నంబర్లు వేరు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్లు వేరుగా ఉన్నట్టన్నమాట. జవాబు అడిగినవారికే చేరుతుంది.

రెండోది సెషన్

వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకం లేదు. మొదటి పేజీ నింపినవారే రెండో పేజీకి వచ్చారని దానికి తెలీదు. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ ఇంజినీర్ లూ మాంటుల్లి కుకీని తయారుచేశారు. లాగిన్ కాగానే సర్వర్ ఎవరూ ఊహించలేని పొడవాటి సెషన్ నంబర్ ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని కుకీగా దాచుకుని ప్రతిసారీ చూపిస్తుంది. ఆస్పత్రి ఓపీ చీటీ లాంటిదే. చీటీ నంబర్ చూసి ఫైలు తీస్తారు, మొహం చూసి కాదు.

పొరపాటు ఎక్కడ?

ఈ చీటీ ఇచ్చేది మనిషికి కాదు, బ్రౌజర్‌కి. ఒక ట్యాబ్‌లో అక్క ఫారం, పక్క ట్యాబ్‌లో తమ్ముడి ఫారం తెరిస్తే రెండూ చూపించేది ఒకే కుకీ. తమ్ముడి పేరుతో లాగిన్ అయ్యాక అక్క ట్యాబ్‌లో సబ్మిట్ నొక్కితే, ఆమె మార్కులు, బ్యాంకు ఖాతా తమ్ముడి దరఖాస్తులో పడే ప్రమాదం ఉంది. స్క్రీన్ మీద అక్క పేరే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. కొన్ని సైట్లు ఫారంలో దాచిన టోకెన్‌తో దీన్ని పట్టుకుంటాయి, అన్నీ కాదు.

ఇవి పాటించండి

• ఒకరిది పూర్తిచేసి, అప్లికేషన్ నంబర్ రాసుకుని, లాగౌట్ అయ్యాకే రెండోది మొదలుపెట్టాలి.

• ఇద్దరివీ ఒకేసారి నింపాలంటే ఒకటి క్రోమ్‌లో, ఇంకోటి ఫైర్‌ఫాక్స్‌లో తెరవాలి. క్రోమ్‌లో రెండు ఇన్‌కాగ్నిటో విండోలు తెరిచినా కుకీ ఒకటే.

• ఇంటర్నెట్ సెంటర్‌లో ట్యాబ్ మూసేస్తే చాలదు. లాగౌట్ కాకపోతే తర్వాత కూర్చున్నవారికి మీ ఫైలు తెరుచుకోవచ్చు.

• పేజీ తిరుగుతూనే ఉంటే సబ్మిట్ మళ్లీ మళ్లీ నొక్కకండి. దరఖాస్తు రెండుసార్లు నమోదు కావచ్చు. ముందు స్టేటస్ చూడండి.

• ప్రింట్ తీశాక పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబర్ సరిచూసుకోండి. గడువు దాటితే సరిదిద్దుకోవడం కష్టం.