వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి

వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి నాడీశాస్త్రంలోను, మనస్తత్వశాస్త్రంలోను ఒక ముఖ్యమైన అధ్యయనాంశం. వయసుతో జ్ఞాపకశక్తి అంతా ఒక్కసారిగా తగ్గిపోదు. కొత్త సంగతులను నిలుపుకొనే శక్తి ముందుగా సన్నగిల్లుతుంది. పదసంపద, చేతి నేర్పు చాలాకాలం నిలిచి ఉంటాయి.

జ్ఞాపకం ఏర్పడే విధానం

ఒక అనుభవం కలిగినపుడు కొన్ని నాడీకణాలు కలసి ఉత్తేజితమవుతాయి. వాటి నడుమనున్న సంధులు ఆ పిమ్మట బలపడతాయి. ఈ సంధులనే సైనాప్సులు అంటారు. టిమ్ బ్లిస్, టెర్యె లోమో కుందేళ్ళ మెదడులో ఈ మార్పును గమనించి 1973లో ప్రకటించారు. ఇందుకు ప్రధాన స్థానం కణతల లోపల ఇరువైపులా ఉండే హిప్పోక్యాంపస్. సముద్రపు గుర్రాన్ని పోలి ఉండడం వలన దానికి ఆ గ్రీకు పేరు వచ్చింది. జ్ఞాపకాలు క్రమంగా, ముఖ్యంగా గాఢనిద్రలో, మెదడు పైపొరలో స్థిరపడతాయని శాస్త్రజ్ఞుల భావన.

హెన్రీ మొలైసన్

హిప్పోక్యాంపస్ ప్రాముఖ్యం ఒక రోగి వలన స్పష్టమైనది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛవ్యాధిని తగ్గించడానికి 27 ఏళ్ళ హెన్రీ మొలైసన్ మెదడులో రెండువైపులా ఆ భాగాన్ని చాలావరకు తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటి నుండి అతనికి కొత్త సంగతులు నిలువలేదు. చిన్ననాటి విషయాలు చెప్పగలిగేవాడు. కొద్దిసేపటి క్రితం మాట్లాడిన వారిని గుర్తించలేకపోయేవాడు. అయినా బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మను గీయించగా, రోజురోజుకు తప్పులు తగ్గాయి. అంతకు ముందు ఆ పని చేసినట్లే అతనికి గుర్తు లేదు! 2008లో, 82వ ఏట మరణించేవరకు అతడు పరిశోధనలకు సహకరించాడు.

వయసుతో వచ్చే మార్పులు

ముసలితనంలో మెదడు కణాలు పెద్ద సంఖ్యలో నశిస్తాయని పూర్వం తలచేవారు. ఆరోగ్యవంతులలో ఆ నష్టం స్వల్పమేనని తరువాత తేలింది. సంధులు బలహీనపడడం, హిప్పోక్యాంపస్ కొంత కుంచించుకుపోవడం, గాఢనిద్ర తగ్గడం, ఏకాగ్రతకు తోడ్పడే ముందరి మెదడు మందగించడం ముఖ్య కారణాలు. అందుచేత ఒక పేరు వెంటనే నోటికి రాదు. ఎవరైనా అందిస్తే ఇట్టే గుర్తుపడతారు. చిన్ననాడు కంఠస్థం చేసిన శతక పద్యాలను మాత్రం పొల్లుపోకుండా అప్పగించే వృద్ధులు తెలుగునాట ఎందరో ఉన్నారు.

మతిమరుపు, వ్యాధి

కళ్ళజోడు ఎక్కడ పెట్టినదీ మరచిపోవడం వయసు లక్షణం. అడిగిన ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడగడం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం వ్యాధి లక్షణాలు కావచ్చు. 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ వర్ణించిన వ్యాధి సాధారణంగా హిప్పోక్యాంపస్ పరిసరాలలోనే మొదలవుతుంది. వయసు మీదపడిందిలే అని ఇంటివారు ఊరుకోవడం పొరపాటు. బి12 విటమిను లోపం, థైరాయిడ్ గ్రంథి మాంద్యం, మానసిక కుంగుబాటు, కొన్ని రకాల నిద్రమాత్రలు కూడా మతిమరుపు కలిగిస్తాయి. వీటిని సకాలంలో గుర్తించి సరిచేస్తే జ్ఞాపకశక్తి తిరిగి మెరుగుపడే అవకాశం ఉంది.