కాటుక, జిగురు: బ్యాటరీ చరిత్రలో చిన్న ఉద్యోగులు



ఏ ఆఫీసులోనైనా అధికారి సంతకానికే విలువ. కాని ఫైలును బల్ల నుంచి బల్లకు చేర్చే అటెండరు, కాగితాలు చెదరకుండా పట్టి ఉంచే ట్యాగు లేకపోతే ఆ సంతకం ఎక్కడికీ పోదు. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన చేతిలోని సెల్‌ఫోనులో, మనవడు నడిపే కరెంటు స్కూటరులో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలో కూడా ఇటువంటి చిన్న ఉద్యోగులు ఇద్దరున్నారు. ఒకటి కాటుక వంటి కర్బనపు పొడి, రెండవది జిగురు. వాటి చరిత్ర క్లుప్తంగా మనవి చేస్తాను.

ఈ కథ టార్చిలైటు సెల్లుతో మొదలవుతుంది. 1866లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జార్జి లెక్లాంషే మాంగనీసు డయాక్సైడుతో ఒక బ్యాటరీ చేశాడు. మాంగనీసు డయాక్సైడుకు విద్యుత్తును పోనిచ్చే గుణం తక్కువ. అందుకని దానిలో బొగ్గుపొడి కలిపాడు. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ తడి కారని పొడి సెల్లు తయారుచేశాడు. తరువాతి కాలంలో బొగ్గుపొడి స్థానంలో అసిటిలీన్ నలుపు వచ్చింది. తిరునాళ్ళలో వెలిగించిన కార్బైడు దీపాల వాయువు పేరే అసిటిలీన్. దానిని వేడితో విడగొడితే దిగే మెత్తని మసి ఇది. సెల్లు లోపలి ద్రవం కారకుండా గోధుమపిండి, గంజిపొడి ఉడికించిన ముద్ద వాడేవారు. అంటే మసి, పిండిముద్ద అనాడే ఉద్యోగంలో చేరాయన్నమాట.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి, కరెంటు లేని లంక గ్రామాలలో కూడా సెల్లుల మీదనే వార్తలు, నాటకాలు వినిపించాయి. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ సంస్థ జపాను వారి సహకారంతో నెల్లూరులో నిప్పో సెల్లులు తయారుచేసింది. పాత సెల్లు పగలగొట్టి నల్లకడ్డీతో గోడల మీద రాసిన పిల్లలందరి చేతులకు అంటిన నలుపులో ఈ మసి కూడా ఉండేది.

1991లో జపానులో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. దీనికి మూలమైన కృషికి గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీలో ఒక వైపు అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన ఆక్సైడు పొడిని, మరొక వైపు రాగి రేకు మీద గ్రాఫైటు పొడిని పూతగా పూస్తారు. ఆ పూత మందం దాదాపు మన తలవెంట్రుకంత. పొడి రేణువులను ఒకదానితో ఒకటి, అన్నిటినీ రేకుతోను అతికించేది జిగురు. రేణువు నుంచి రేణువుకు కరెంటు దారి వేసేది మసి.

ఫ్యాక్టరీ బ్యాటరీలలో నూటికి తొంభై పాళ్ళకు పైగా అసలు పొడే ఉంటుంది. ఈ రెండూ తలా రెండు మూడు పాళ్ళు ఉంటే గొప్ప. అయినా వాటి లెక్క తప్పితే అన్నీ తప్పుతాయి. మసి తగ్గితే కొన్ని రేణువులకు దారి ఉండదు, ఉండీ పనిచేయవు. మసి ఎక్కువైతే అసలు పొడికి చోటు తగ్గుతుంది. జిగురు తగ్గితే పూత పెచ్చులూడుతుంది. ఎక్కువైతే రేణువుల చుట్టూ పొర కట్టి కరెంటుకు అడ్డు నిలుస్తుంది.

ఆరబెట్టడంలోనూ మెలకువ ఉంది. మామిడి తాండ్ర పోసే ఇల్లాలికి ఒక్కసారే మందంగా పోస్తే పైన ఆరి అడుగు పచ్చిగా ఉంటుందని తెలుసు. ఇక్కడ పూతను మరీ వేగంగా ఆరబెడితే జిగురు తడితో పాటు పైకి తేలిపోయి, అడుగున రేకుకు పట్టు తప్పుతుంది.

మొదట వాడిన జిగురు పాలీ వినైలిడీన్ ఫ్లోరైడు. దానిని కరిగించే ద్రావకం గర్భంలోని శిశువుకు హాని చేసేది కనుక, ఆవిరిని పట్టి మళ్ళీ వాడుకోవాలి. తరువాత గ్రాఫైటు వైపు నీటిలో కలిసే జిగురు వచ్చింది. దానిలో ఒకటి పత్తి, కలపల పీచు నుంచి తీసిన పదార్థం. రెండవది టైర్లలో వాడే రకం రబ్బరు. గుడెనఫ్ గారి బృందం 1997లో ప్రకటించిన ఐరన్ ఫాస్ఫేటు చౌకైనది, వేడికి నిలిచేది. కాని విద్యుత్తు విషయంలో మహా బద్ధకస్తు. ప్రతి రేణువుకు కర్బనపు పూత వేసిన తరువాతనే అది అక్కరకు వచ్చింది. అటువంటి పొడి మీద హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన చేసింది. 2022 సెప్టెంబరులో తిరుపతిలో ఒక లిథియం సెల్లుల ఫ్యాక్టరీ ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలుపెట్టింది. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి పెద్ద ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.

ఫోను బ్యాటరీ మూడు నాలుగేళ్ళకు నీరసించడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి. ఛార్జి ఎక్కి దిగినప్పుడల్లా రేణువులు ఉబ్బి తగ్గుతాయి. కాలక్రమాన జిగురు పట్టు సడలి, మసి దారులు తెగుతాయి. పూత సమంగా లేని చోట లిథియం లోహం పేరుకుని, లోపలే షార్టు కావచ్చు కూడా. బయటి పెట్టె చూసి ఇది కనిపెట్టలేము. కనుక ధర ఒక్కటే చూసి ఊరూ పేరూ లేని బ్యాటరీ కొనరాదు.

2022 ఏప్రిల్‌లో, మన గవర్నర్‌పేట పక్కనున్న సూర్యారావుపేటలో, పడకగదిలో ఛార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు; కుటుంబ సభ్యులు గాయపడ్డారు. ఆ ఏడాదే కేంద్ర రవాణా శాఖ బ్యాటరీల భద్రతా నియమాలను కట్టుదిట్టం చేసింది. నియమాలు ప్రభుత్వం చేస్తుంది, ఇంట్లో జాగ్రత్త మనది. పడకగదిలోను, బయటికి పోయే దారిలోను ఛార్జి పెట్టవద్దు. రాత్రి అందరూ నిద్రపోయే వేళ అసలే వద్దు. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడకం మానండి. ఈ నాలుగు మాటలూ ఇంట్లో పిల్లలకు చదివి వినిపించవలసిందిగా నా మనవి.