విలాయతి బండి, మన మిస్త్రీ

తెలుగునాట తిరుమలగిరి యను పేరుగల యూళ్లు పెక్కు గలవు. సికింద్రాబాదు కంటోన్మెంటున సైనికశిబిరములచే ప్రసిద్ధమైనది యొకటి, నాగార్జునసాగరమునకు చేరువ నున్నది మఱియొకటి. ఈ వ్యాసమునకు విషయమైనది యీ రెండును గాక, పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదై, 2016 లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట సూర్యాపేట జిల్లాలో చేరి, సూర్యాపేట జనగామల నడుమ రహదారిపై తన వ్యవసాయ మార్కెట్టుతో చుట్టుపట్ల పల్లెలకు కూడలియై యున్న తిరుమలగిరి. రైలుపట్టా యెఱుగని యీ యూరికి లోకముతోడి పొత్తంతయు రోడ్డుమీదనే నడచినది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన జర్మను కారు కొత్త మారుతి వెలకే దొరకుచున్నది, కొనవచ్చునా, నమ్మవచ్చునా యని నేటి యువకుడడుగు ప్రశ్న నిన్న మొన్న పుట్టినట్లు తోచును గాని, ఐరోపాలో రూపుదిద్దుకొనిన పాతబండిని కొని, బాగుచేయించి, మఱల బాగుచేయించి నడుపుకొనుట తెలంగాణమునకు మూడు తరముల యలవాటు. ఆ తరములవారు దేనిని నమ్మి కొనిరో తెలిసికొనినచో నేటి ప్రశ్నకు సమాధానము దానంతట దొరకును.

నైజాము రాజ్యమునకు మోటారు తొలుత వైభవచిహ్నముగా వచ్చినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911 లో తెప్పింప సంకల్పించిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు, ఆయన మరణానంతరమే పూర్తియై, లోపల సింహాసనమును బోలు పీఠముతో వచ్చి చేరెను. ఊరేగింపులకు తప్ప వెలికిరాని యాబండి దశాబ్దముల కాలములో నడచినది కొన్ని వందల మైళ్లే. ఐనను నిలిచిన చోటనే పాడై, నిపుణులు పునరుద్ధరించిన పిమ్మటగాని చౌమహల్లా ప్రాసాదమున నేడు మనము చూచుచున్న రూపమును పొందలేదు. తక్కువ తిరిగిన బండియే మంచి బండి యను నమ్మకమునకు ఇంతకన్న ప్రత్యక్షమైన ఖండనము హైదరాబాదులో వేఱొకటి కనబడదు.

అదే కాలమున నల్లగొండ పల్లెలలో దొరల ప్రయాణములు మేనాలలోను కచ్చరములను ఎడ్లబండ్లలోను సాగుచుండెను. మేనాను మోయుటయు, కచ్చరమునకు ముందు వెనుకల పరుగెత్తుటయు వెట్టిచాకిరిలో భాగములు. 1946 జూలై 4 న కడవెండిలో దొరల నెదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత చెలరేగిన సాయుధపోరాటము ఆ వెట్టిని కూలద్రోయువఱకు, ఇచట నెక్కువాడెవడు, మోయువాడెవడు అనుదానిని పుట్టుకయే నిర్ణయించుచుండెను. ఐతే అంతకు ముందే, డబ్బిచ్చి టిక్కెట్టు కొనినవానికెల్ల మోటారులో చోటు కల్పించినది 1932 జూనులో నిజాం స్టేట్ రైల్వేవారు 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణాశాఖ. ఆ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఆల్బియన్ కంపెనీవారు నిర్మించినవి. వానిలో నొకటి హైదరాబాదు బస్‌భవన్‌లో భద్రపఱుపబడినది. సముద్రములు దాటి వచ్చిన యా యంత్రములతోపాటు 166 మంది సిబ్బందిని నియమించి, వారి వెనుక రైల్వేకు సహజమైన క్రమశిక్షణను నిలిపిరి గనుకనే విలాయతి బండ్లు దక్కను నేలపై వేళకు నడచినవి.

స్వాతంత్ర్యానంతరము దేశపు విధానము మారెను. 1953 లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసు ననుసరించి, విడిభాగములను క్రమముగా దేశమందే తయారుచేయు ప్రణాళిక లేని కంపెనీలకు తావు లేకపోగా, ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు తమ కూర్పు కర్మాగారములను మూసికొని వెడలిపోయినవి. మిగిలిన కార్లు మూడు. మూడును ఐరోపా సంతతివే. బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ఉత్తరపారాలో అంబాసిడరయ్యెను. ఇటలీ ఫియట్ 1100 బొంబాయి కుర్లాలో తయారై, కాలక్రమమున ప్రీమియర్ పద్మిని యను పేరు దాల్చెను. స్టాండర్డ్ హెరాల్డు 1961 నుండి మద్రాసులో రూపొందుచుండెను. కారు కావలసినవాడు డబ్బు కట్టి, పేరు నమోదు చేసికొని, ఏండ్ల తరబడి వేచియుండవలసిన కాలమది. ఫియట్ కారైనచో నొకరు వాడినదానిని కొత్తదాని కంటె నెక్కువ వెలకు కొనుట సాధారణము. అట్టి దినములలో సెకండ్‌హ్యాండు బండి కొనువాడు అది యెంత తిరిగినదని యడుగుట వ్యర్థము, అడిగినను తెలియు మార్గము లేదు. ఏలయనగా నాటి మీటరుకు అంకెలు అయిదే, 99,999 దాటినంతనే యది సున్నలకు మఱలి, ముదుసలి బండిని మూడు క్షణములలో పసిబిడ్డను చేయుచుండెను.

మఱి వారు చూచినదేమి? మిస్త్రీని వెంటబెట్టుకొని పోయి, అతని చెవిని చేతిని నమ్మిరి. అతడు ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూతను తీసి, అచటినుండి పొగ దట్టముగా వచ్చుచున్నదో లేదో చూచును. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై నానించి, పిడిని చెవికి చేర్చి, లోపలి చప్పుడు వినును. స్టీరింగు చక్రమును అటునిటు కదిపి, చక్రములు తిరుగుటకు ముందు ఎంత వదులున్నదో గమనించును. సైలెన్సరు పొగ నీలిరంగు తిరిగినచో ఆయిలు మండుచున్నదని తేల్చి, బేరములో బోరింగు ఖర్చును తగ్గించుకొనుమని సైగ చేయును. "మీటరు జూసి కొనుడుకన్నా, పొగ జూసి కొను" అనుట వారి తీరు. సిలిండరు అరిగినచో బోరు చేయించి, ఇరువది తౌ (తౌ యనగా అంగుళములో వెయ్యవ వంతు) పెద్దదైన పిస్టను వేయుదురు. అదియు నరిగినచో నలువది, ఆపై నఱువది. అంతటితో లోహము చాలకున్న స్లీవులు దింపి మఱల మొదటి కొలతకు వత్తురు. ఈ విధముగా నొక్క యంబాసిడరు నాలుగైదు జన్మలెత్తుచుండెను.

ఈ పునర్జన్మలకు భూగోళము గూడ తోడ్పడినది. సూర్యాపేట హైదరాబాదు విజయవాడల కించుమించు నడుమ, పాత తొమ్మిదవ నెంబరు జాతీయ రహదారిపై నున్నది. ఒకదిక్కున రాణిగంజి విడిభాగముల దుకాణములు, వేఱొకదిక్కున విజయవాడ ఆటోనగరు షెడ్లు. కావలసిన సామాను ఉదయము చెప్పి పంపినచో ఏ బస్సు డ్రైవరు చేతనో సాయంకాలమునకు వచ్చి చేరును. అటనుండి తిరుమలగిరికి చేర్చుటకు మఱియొక బస్సు చాలును. ఆ సామానులో అసలు కంపెనీది కొంత, లూధియానాలోనో మఱియొకచోటనో అచ్చుపోసినది కొంత, పాతబండినుండి యూడదీసినది కొంత. ఏదైనను వెల సామాన్యునికి అందునదే.

అట్లని ఆ బండ్లు చెడవని కాదు, అవి తఱచుగా చెడుచుండెడివి. వేసవిలో రేడియేటరు మరగి ఆవిరి గ్రక్కుట, ప్లాటినము పాయింట్లు కాలిపోవుట, కమాను పట్టీలు విఱుగుట, వానకాలమున సెల్ఫు పట్టక నలుగురు త్రోయవలసి వచ్చుట నిత్యకృత్యములు. నేటి కొలమానముతో చూచినచో వానిని నమ్మదగిన బండ్లని యెవ్వరును చెప్పజాలరు. ఐనను మన పెద్దలు వానిని నమ్మిరి. ఎందుచేత ననగా చెడుట ఎంత తఱచో, బాగగుట అంత చేరువ. యంత్రము చెడనిదై యుండుట ఒక గుణము, చెడినను చేతికందునంతలో బాగుపడునదై యుండుట వేఱొక గుణము. పల్లెకు మొదటిదానికంటె రెండవదే ముఖ్యమని ఆ తరమువారు అనుభవముచే నెఱిగిరి.

ఈ సత్యము మనదేశమునకే పరిమితము కాదు. గ్రీసు దేశపు టాక్సీ నడుపువా డొకడు 1976 నాటి మెర్సిడెస్ 240డి కారును 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004 లో కంపెనీవారి ప్రదర్శనశాలకు సమర్పించెను. ఆ సంఖ్యను జర్మను ఇనుముయొక్క మహిమగా చెప్పుకొనువారు, అతడు ఇంజనులను మార్చి మార్చి, దించినదానిని బాగుచేసి మఱల నెక్కించుచు నడిపెనను సంగతిని మఱచుచుందురు. ఆ బండి తనంతట నడువలేదు, నడిపించువాడుండగా నడచినది.

1983 లో మారుతి రాకతోను, 1991 నాటి ఆర్థిక సంస్కరణములతోను కార్ల కఱవు తీరెను. ఐరోపా కంపెనీలు ఈమారు తామే వచ్చినవి. 1994 లో ప్రీమియర్‌తో జతకట్టి ప్యూజో 309 కారును తెచ్చిన ఫ్రెంచి సంస్థ కొలది యేండ్లలోనే తట్టాబుట్టా సర్దుకొనగా, దానిని కొనినవారు విడిభాగములకై దేశమంతయు గాలింపవలసి వచ్చెను. 1996 లో వచ్చిన ఓపెల్ ఆస్ట్రాకును తుదకు అదేగతి పట్టెను. పుణెలో 1995 నుండి మెర్సిడెస్, ఔరంగాబాదులో 2001 నుండి స్కోడా, చాకన్‌లో 2009 నుండి ఫోక్స్‌వాగన్ పోలో తయారై నిలదొక్కుకొనినవి. మూడు తరములకు పరిచితమైన అంబాసిడరు మాత్రము 2014 మే నెలలో ఉత్తరపారాలో నిలిచిపోయెను.

ఈ కొత్త ఐరోపా బండ్లు గమనమున, భద్రతయందు, దారిని పట్టుకొని పోవుటయందు పాతవానికంటె ఎన్నో రెట్లు మేలైనవి. దానిని కాదనుట అన్యాయము. కాని లక్ష కిలోమీటర్లు దాటిన పిమ్మట వాని వ్యాధులు వేఱు. బీఎండబ్ల్యూవారి ఎన్ 47 డీజిలు ఇంజనులో టైమింగు చెయిను వెనుకవైపున, గేరుబాక్సు దిక్కున అమర్పబడినది. అది సాగి మ్రోగనారంభించినచో దానిని చేరుటకే ఇంజనునో గేరుబాక్సునో దింపవలయును. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలోని ఏడు గేర్ల డీఎస్‌జీ గేరుబాక్సులలో తలెత్తిన లోపములకై 2013 లో ప్రపంచవ్యాప్తముగా పదునాఱు లక్షల బండ్లను కంపెనీవారే వెనుకకు పిలిచిరి. టైమింగు బెల్టు గడువు మీఱి తెగినచో పెక్కు ఇంజనులలో వాల్వులు పిస్టనులను తాకి, వేలతో పోవలసినది లక్షలకు తెచ్చును. శీతలదేశముల కొఱకు రూపొందించిన ప్లాస్టికు నీటితొట్లు, రబ్బరు గొట్టములు నల్లగొండ రోహిణికార్తె యెండలకు పెళుసెక్కును. ఈ వ్యాధులను స్క్రూడ్రైవరు చెవికానించి కనిపెట్టలేము. కంప్యూటరు కావలయును, దానిని చదువనేర్చినవాడు కావలయును, అట్టివాడు సాధారణముగా హైదరాబాదున నుండును.

మీటరు సంగతియు మారినది. పూర్వము అది తనంతట సున్నకు వచ్చెడిది. నేడు ల్యాప్‌టాపు తగిలించి వెనుకకు త్రిప్పువారున్నారు. కావున సర్వీసు రసీదులలో తేదీతో పాటు వ్రాసియుండు కిలోమీటర్లను ఒకదానితో నొకటి సరిచూచుట కొనువాని కర్తవ్యము. పాత తనిఖీలో పొగకున్న స్థానము నేడు ఆ రసీదులకు కలదు. కొనిన పిమ్మట 29, 30 నెంబరు ఫారములపై సంతకములు చేయించి, రవాణాశాఖలో పేరు మార్పించుకొననిచో, రికార్డులలో ఆ బండి అమ్మినవాని పేరనే మిగులును.

ఇక తిరుమలగిరికి మఱలుదము. 2021 లో దళితబంధు పథకమును హుజూరాబాదు తరువాత అమలుచేయుటకు ప్రభుత్వ మెన్నుకొనిన నాలుగు మండలములలో తిరుమలగిరి యొకటి. దళిత కుటుంబమునకు 10 లక్షల రూపాయలు చొప్పున నిచ్చిన ఆ పథకమున రాష్ట్రమంతటను పలువురు వాహనములనే ఉపాధిగా నెంచుకొనిరి. తాతలు దొరల కచ్చరముల ముందు పరుగెత్తిన సీమలో మనుమలు బండికి యజమానులగుట చరిత్రలో చెప్పుకొనదగిన మార్పు. అట్టి యజమానికి బండి చెడిన దినము కూలి పోయిన దినమే గనుక, బ్రతుకుతెరువునకై కొనువాడు ఎక్కువ తిరిగిన ఐరోపా కారు జోలికి పోకుండుటయే క్షేమము. ముచ్చటకై కొనువాడు కొనవచ్చును. ఐతే కొనకముందే ఆ జాతి బండిని విప్పి బిగింపగల మిస్త్రీ పేరును, విడిభాగము దొరకు దుకాణమును తెలిసికొనవలెను, బండి వెలలో నాలుగవ వంతైనను మరమ్మతులకు విడిగా నుంచుకొనవలెను. ఈ మూడింటిలో నేది లేకున్నను, అది యెంత చౌకగా వచ్చినను, వదలుకొనుటయే వివేకము.