మందు వాడకంలోకి వచ్చాక

సింగరేణి భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు భద్రత తనిఖీ చేసే మైనింగ్ సర్దార్ దిగి చూస్తాడు. మీథేన్ ఉందేమో పరీక్షిస్తాడు, పైకప్పు తట్టి చూస్తాడు, చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాక రామగుండం, గోదావరిఖని దాకా విస్తరించిన ఈ గనుల్లో ప్రమాదాన్ని ముందే పసిగట్టి రాసిపెట్టడం చట్టం, అలవాటు కూడా. మందుల విషయంలో అలాంటి పుస్తకం చాలా ఆలస్యంగా వచ్చింది. అది లేకపోతే ఏమవుతుందో సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెమే చూసింది.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే గార్డసిల్ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకం అది. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి టీకా అందింది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు. తర్వాత పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలే.

ఇదే పథకం గుజరాత్‌లోని వడోదరలోనూ నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తతో దుమారం రేగి, 2010 ఏప్రిల్‌లో పథకం ఆగిపోయింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు తాగడం వంటి కారణాలు బయటపడ్డాయి. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ సంఘం తేల్చింది. కానీ ఆ మాట ఊళ్లకు చేరేసరికే నమ్మకం పోయింది. టీకా వేశాక ఎవరికేమైందో ఎప్పటికప్పుడు నమోదు చేసే గట్టి ఏర్పాటు ఉంటే, జవాబు అంత ఆలస్యమయ్యేది కాదు. పర్యవేక్షణ లోపాన్ని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ పాఠం ప్రపంచానికి కొత్త కాదు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ వల్ల వేలాదిమంది పిల్లలు అవయవలోపాలతో పుట్టారని 1961లో తేలింది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దుష్ప్రభావాల సమాచారాన్ని దేశదేశాల నుంచి సేకరించడం మొదలుపెట్టింది. కొన్ని వేలమందిపై జరిగే పరీక్షల్లో, పదివేలమందిలో ఒకరికి వచ్చే హాని కనిపించకపోవచ్చు. లక్షలమంది వాడితేనే అది బయటపడుతుంది.

భారత్ 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమంలో చేరింది. 2005లో మొదలైన జాతీయ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. ఖమ్మంలో టీకాలు ఆగిన మూడు నెలలకే, 2010 జులైలో, ఇప్పుడున్న ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నిఘా) కార్యక్రమం ఆరంభమైంది. మరుసటి ఏడాది దాని బాధ్యత ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు దక్కింది. నమోదు కేంద్రాలు ఎక్కువగా వైద్య కళాశాలల్లోనే పెట్టారు. రామగుండంలో, కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చింది 2022లో.

మందు వల్ల హాని కలిగిందని ఈ కార్యక్రమానికి ఫిర్యాదు చేయడానికి రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. 1800-180-3024కు రోగి తానే ఫోన్ చేయొచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు వేసుకున్నదీ, బాధ ఎప్పుడు మొదలైందీ చెప్పాలి. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబరు తరచూ షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతుంది. అందుకే బ్యాచ్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి, కోర్సు పూర్తయ్యేదాకా దాచాలి.